పెరటి ఆకుకూరలో కాడ్మియం: గాజువాక వైపు నేలల్లో ఏం చేయాలి

విశాఖపట్నంలోని గాజువాక, మింది, మల్కాపురం లాంటి పరిశ్రమల దాపుల్లో పెరటి తోటకూర నవనవలాడుతోందంటే నేల బాగున్నట్టు కాదు. కాడ్మియం అనే విష లోహం తగిలిన మొక్క, తనలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం నుంచి ఫైటోకెలాటిన్లు అనే చిన్న అణువుల్ని తయారుచేస్తుంది. వాటిలోని గంధకం ఆ లోహాన్ని పట్టుకుంటుంది, మొక్క దాన్ని కణంలోని రిక్తికలో, అంటే సంచిలాంటి గదిలో, దాచేస్తుంది. అలా మొక్క తట్టుకుంటుంది, మనం కోసుకునేది మాత్రం ఆ ఆకునే. జింకు బాగా ఎక్కువైతే కంటికి తెలుస్తుంది: ఇనుము అందక లేతాకులు పసుపుబారతాయి, ఈనెలు పచ్చగానే ఉంటాయి. సున్నం ఎక్కువైన నేలలోనూ ఇదే లక్షణం కాబట్టి పరీక్ష తప్పదు.

చెత్త తీసేసి 8–10 చోట్ల 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసి కలిపి, అరకిలో నీడలో ఆరబెట్టండి. జింకు పూత ఉన్న బకెట్ వాడితే అంకె తప్పుతుంది, ప్లాస్టిక్ టబ్బు మేలు. మామూలు భూసార పరీక్షలో కాడ్మియం, సీసం చూడరు, విడిగా అడగాలి.

నేల ఆమ్లంగా ఉంటే కాడ్మియం మొక్కకు సులువుగా అందుతుంది. ఆ ఆమ్లత్వాన్ని చెప్పే అంకె పీహెచ్, దాన్ని ఇంట్లోనే చూడొచ్చు: 20 గ్రాముల మట్టి, 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, అరగంట కలుపుతూ ఉంచి మీటరు పెట్టండి. 6 కంటే తక్కువైతే చదరపు మీటరుకు 150–200 గ్రాముల సున్నపురాయి పొడి కలిపి తడిపి, నెల తర్వాత మళ్లీ చూడండి. 6.5–7 దగ్గర ఆపేయాలి. గోడలకు వేసే సున్నం వద్దు, పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆర్సెనిక్ తేలితే సున్నం జోలికే పోవద్దు, క్షారత పెరిగితే అది ఇంకా కదులుతుంది. మాగిన గెత్తం చదరపు మీటరుకు 4–5 కిలోలు వేయండి. అది కాడ్మియాన్ని పట్టి ఉంచుతుంది, కానీ కుళ్లిపోయేకొద్దీ ఆ పట్టు తగ్గుతుంది కాబట్టి ఏటా వేయాలి.

ఎక్కువమంది పట్టించుకోనిది నీరు. సముద్రం వైపు బోర్లలో ఉప్పు ఉంటే అందులోని క్లోరైడు కాడ్మియంతో జతకట్టి దాన్ని మట్టి నుంచి విడదీసి వేరు దాకా తెస్తుంది. సున్నం వేసినా కూరలో కాడ్మియం తగ్గలేదంటే ముందు బోరు నీటినే అనుమానించాలి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు కూడా క్లోరైడే, బదులుగా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. అమ్మోనియం సల్ఫేట్ నేలను ఆమ్లంగా మార్చి సున్నం పనిని చెడగొడుతుంది.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ ప్రకారం పచ్చి ఆకుకూరలో కాడ్మియం కిలోకు 0.2 మి.గ్రా. మించకూడదు. మించితే పాలకూర, తోటకూర మానేసి బెండ, ఆనప, చిక్కుడు వేయండి, కాయల్లోకి తక్కువే చేరుతుంది. కడిగితే ఆకు మీది సీసపు ధూళి చాలావరకు పోతుంది, లోపలి కాడ్మియం పోదు. ఆవ మొక్కలతో నేల శుభ్రం చేద్దామంటే ఏళ్లు పడుతుంది, పైగా కోసిన మొక్కల్ని పశువులకు వేయకూడదు, కంపోస్టులోనూ కలపకూడదు.