ప్లాస్టిక్ విమానాలు చేద్దాం – 5వ పాఠం: డెకాల్ ముడతలు పడితే చెయ్యి పెట్టకండి

నాలుగో పాఠంలో మన 1/72 సైజు (అసలు దానిలో 72వ వంతు), రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ మార్క్ 1కి రంగులు వేసి ఆపాం. పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్, కింద స్కై. రంగు పూర్తిగా ఆరింది కదా? వేలితో నొక్కితే గుర్తు పడుతోందంటే ఇంకో రోజు ఆగి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి డెకాల్స్, అంటే విమానం మీద తడిపి అంటించే గుర్తులు, అక్షరాలు. నా లెక్కలో కిట్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. జిగురు ఎక్కువైతే గీకేయొచ్చు, రంగు బాగా రాకపోతే తీసేసి మళ్లీ వేయొచ్చు. డెకాల్ మాత్రం డబ్బాలో ఒక్కటే ఉంటుంది, చిరిగిందంటే చిరిగినట్టే. అందుకే ఈ పాఠం కాస్త నిదానంగా చెప్తాను.

డెకాల్ అంటే ఏంటో తెలిస్తే సగం పని అయినట్టే. అడుగున కాగితం, దాని మీద నీళ్లకి కరిగే జిగురు, ఆపైన పల్చటి పారదర్శకమైన పొర, ఆ పొర మీద అచ్చు వేసిన రంగు బొమ్మ. తడిపితే జిగురు కరిగి పొర జారుతుంది. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మని తడిపి చేతికి అద్దుకున్నాం చూడండి, ఇది దాని చుట్టమే, కాకపోతే అక్కడ బొమ్మని బోర్లా పెట్టి నొక్కుతాం, ఇక్కడ పైకి చూస్తుండగానే పక్కకి జరుపుతాం.

అంటించే ముందు ఒక పని ఉంది, మొదటిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ దీన్ని ఎగ్గొడతారు. మ్యాట్ (మెరుపు లేని) రంగు కంటికి నున్నగా కనిపించినా నిజానికి గరుకే, సిమెంటు పూయని ఇటుక గోడ లాంటిది. దాని మీద డెకాల్ వేస్తే ఆ గుంటల్లో గాలి ఇరుక్కుంటుంది, వెలుతురు పడినప్పుడు అక్షరాల చుట్టూ చేప పొలుసులా తెల్లగా మెరుస్తుంది. దీన్ని సిల్వరింగ్ అంటారు. ఎంత కష్టపడి రంగు వేసినా, సిల్వరింగ్ వచ్చిందంటే చూసేవాళ్లకి బొమ్మకి స్టిక్కర్ అంటించినట్టే ఉంటుంది.

కాబట్టి ముందు మెరుపు వార్నిష్ వేయాలి. నేను వాడేది టామియా ఎక్స్-22. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను) ఉంటే థిన్నర్ కలిపి పల్చగా రెండు మూడు పూతలు, లేకపోతే వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో రెండు పూతలు, ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. బ్రష్‌తో వేసేవాళ్లకి ఒకటే మాట: ఒకసారి లాగిన చోటికి మళ్లీ వెనక్కి రాకండి, సగం ఆరిన వార్నిష్ చారలు పడుతుంది. తర్వాత విమానాన్ని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని రెక్క మీద చూడండి. లైటు ప్రతిబింబం గీతలా స్పష్టంగా కనిపిస్తే సిద్ధమైనట్టు, మసకగా చెదిరిపోయి ఉంటే ఇంకో పూత కావాలి.

ఎండాకాలంలో ఒక రాత్రి ఆరితే చాలు, వానాకాలంలో నేనైతే రెండు రోజులు వదిలేస్తాను. ల్యాకర్ వార్నిష్ వాడేవాళ్లు ముసురు పట్టిన రోజున స్ప్రే జోలికి వెళ్లకండి, గాలిలో తేమకి పూత పాలలా తెల్లబడుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లకి ఈ బాధ ఎక్కువ.

ఇక సామాను. ఒక సాసర్, పట్టకారు, సున్నా నంబరు బ్రష్, ఇయర్ బడ్స్, టిష్యూ, కొత్త బ్లేడు, డెకాల్‌ని మెత్తబరిచే ద్రావకం. ద్రావకాల్లో మైక్రో సోల్, మిస్టర్ మార్క్ సాఫ్టర్ లాంటివి దొరుకుతాయి. మైక్రో సెట్ అనేది వేరు, అది అంటించే ముందు రాసేది, వెనిగర్ వాసన వస్తుంది. రెండూ కొనడం భారమనుకుంటే మెత్తబరిచేది ఒక్కటి కొని, సెట్ బదులు తెల్ల వెనిగర్‌లో నీళ్లు కలిపి వాడండి, చాలామంది చేసేదే.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. బోరు నీళ్లు వద్దు. మాది హైదరాబాద్, మా బోరు నీళ్లకి బకెట్టు కూడా తెల్లబడుతుంది, అవే నీళ్లు రెక్క మీద ఆరితే మెరుపు పూత మీద ఉప్పు మరకలు పడతాయి. ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసు చాలు. ఇంకోటి, ఫ్యాన్ ఆపేయండి. ఉక్కపోతగా ఉన్నా సరే. బ్రష్ కొసన ఉన్న డెకాల్ గాలికి ఎగిరి మంచం కిందకి పోతే దాన్ని వెతికేవాడి మొహం చూడలేం.

పని మొదలుపెట్టేది రెక్కల కింద నుంచి. అక్కడ తప్పు జరిగినా ఎవరూ తిప్పి చూడరు, మీకూ చెయ్యి అలవాటవుతుంది. ఒక్కో డెకాల్‌ని విడిగా కత్తిరించండి, బొమ్మ చుట్టూ మిగిలిన పారదర్శక పొరని వీలైనంత దగ్గరగా కోసేయండి. పట్టకారుతో పట్టుకుని పది సెకన్లు నీళ్లలో ముంచి, తీసి టిష్యూ మీద పెట్టి ఒక నిమిషం ఆగండి. నీళ్లలోనే వదిలేయకండి, జిగురంతా సాసర్‌లో కరిగిపోయి బొమ్మ తేలుతుంది, తేలిన బొమ్మ చుట్టచుట్టుకుంటుంది. వేలితో మెల్లగా తోస్తే కాగితం మీద జారుతోందా? అప్పుడు అంటించాల్సిన చోట సెట్ గానీ వెనిగర్ నీళ్లు గానీ ఒక చుక్క రాసి, కాగితంతో సహా అక్కడ ఆనించి, బ్రష్ కొసతో బొమ్మని పక్కకి జరపండి. కాగితాన్ని లాగేయండి. బొమ్మ తడి మీద తేలుతూ ఉంటుంది కాబట్టి సర్దుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు టైం ఉంటుంది.

ఎంత సర్దాలి? 1/72లో ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలు విమానం మీద 7.2 సెంటీమీటర్లు. స్పిట్‌ఫైర్ రెక్కల పొడవు 11.23 మీటర్లు, మన చేతిలో ఉన్నది సుమారు 156 మిల్లీమీటర్లు. పక్క మీది కోడ్ అక్షరాలు అర మిల్లీ అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ వంకరగా ఉంటే ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. నేను అక్షరాల కింద మాస్కింగ్ టేపు సన్నటి ముక్క గీతలా పెట్టుకుని దానికి ఆనించి అంటిస్తాను.

డెకాల్ షీటు చూసి ఒక విషయంలో కంగారు పడకండి. రెక్క పైన వేసే, బ్రిటిష్ వైమానిక దళం గుర్తైన గుండ్రటి రౌండెల్‌లో ఎరుపు, నీలం మాత్రమే ఉంటాయి, తెలుపు ఉండదు. అచ్చు తప్పు కాదు. పై నుంచి చూసే శత్రువుకి తెలుపు కొట్టొచ్చినట్టు కనపడకూడదని అలా పెట్టారు. పక్కల మీదది వేరు, పసుపు అంచు, నీలం, తెలుపు, ఎరుపు. రెక్కల కింద రౌండెల్స్‌ని కొంతకాలం తీసేసి 1940 ఆగస్టులో మళ్లీ పెట్టారు, అందుకని మీరు ఎంచుకున్న విమానం ఏ నెలదో సూచనల కాగితంలో చూసుకుని అదే పాటించండి. తర్వాత బర్మా యుద్ధరంగంలో ఎరుపుని పూర్తిగా తీసేశారు, జపాన్ విమానాల ఎర్రటి సూర్యుడి గుర్తు అనుకుని సొంతవాళ్లే కాల్చేస్తారని. మన భారత వైమానిక దళం 8వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు అక్కడ ఎగిరింది ఆ ఎరుపు లేని గుర్తులతోనే.

బొమ్మ కుదిరాక తడి ఇయర్ బడ్‌ని మధ్య నుంచి అంచుల వైపు దొర్లించండి, రుద్దొద్దు. కింది నీళ్లు, గాలి బయటికి పోతాయి. పది నిమిషాలు ఆగి దాని మీద మెత్తబరిచే ద్రావకం పల్చగా రాయండి.

ఇక్కడే అసలు టెన్షన్. ద్రావకం పడగానే డెకాల్ ముడతలు పడుతుంది, ముసలివాళ్ల చేతి చర్మంలా అయిపోతుంది. చూస్తే పోయిందనిపిస్తుంది. పోలేదు. పొర మెత్తబడి ఉబ్బింది, ఆరేకొద్దీ అదే సర్దుకుని ప్యానెల్ గీతల్లోకి (రేకుల అతుకుల్లా చెక్కిన సన్నటి గీతలు), రివెట్ల మీదికి రంగులా అతుక్కుపోతుంది. మీరు చేయాల్సిందల్లా లేచి వెళ్లి టీ పెట్టుకోవడం.

నా మొదటి స్పిట్‌ఫైర్‌కి ఈ మాట చెప్పినవాళ్లు లేరు. ఎడమ రెక్క మీద రౌండెల్ ముడుచుకోగానే బొటనవేలితో గట్టిగా నొక్కాను. వేలు తీసేసరికి నీలం వలయం వేలికి వచ్చేసింది, రెక్క మీద ఎర్రటి చుక్క ఒక్కటి మిగిలింది. మా మేనల్లుడు వచ్చి చూసి, "ఇది జపాన్ విమానమా మావయ్యా?" అన్నాడు. బర్మాలో ఎరుపు ఎందుకు తీసేశారో నాకు అంత బాగా ఇంకెవరూ చెప్పలేదు.

ఆరాక కూడా గీతల మీద వంతెనలా నిలబడిన చోట్లు ఉంటే కొత్త బ్లేడుతో గీత వెంబడి సన్నగా కోసి మళ్లీ ఒక చుక్క వేయండి. తెల్లగా మెరిసే చోట సూది మొనతో రెండు మూడు చిల్లులు పొడిచి ద్రావకం వేస్తే లోపలికి వెళ్లి చాలావరకు సర్దుకుంటుంది. మెరుపు పూత ఎగ్గొట్టి ఉంటే మాత్రం ఈ చిట్కా మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఒక రోజు కింది వైపు, మరుసటి రోజు ఎడమ పక్క, ఆ తర్వాత కుడి పక్క, చివర్లో రెక్కల పైభాగం. అంతా ఒకే సాయంత్రం కానిచ్చేద్దామనుకుంటే పట్టుకోడానికి పొడి చోటు ఉండదు, ఇందాక వేసిన అక్షరం ఇప్పుడు వేలికి అంటుకుంటుంది. చీమ తలంత స్టెన్సిల్ అక్షరాలు (విమానం మీద ఉండే చిన్న చిన్న సూచనలు) అన్నీ వేయాలా అంటే, నేను సగమే వేస్తాను. కళ్లజోడు పెట్టుకున్నా చదవలేని వాటి కోసం రెండు రాత్రులు పెట్టే ఓపిక నాకు లేదు.

పాత కిట్ అటకమీంచి దించినవాళ్లకి ఒక మాట. షీటు పసుపు పడి ఉంటే జిప్ కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటించండి, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి, మన ఎండకి తొందరగానే తెల్లబడుతుంది. తర్వాత పనికిరాని చిన్న డెకాల్ ఒకటి తడిపి చూడండి. అది ముక్కలైందంటే మిగతావీ అవుతాయి. షీటు మొత్తానికి మెరుపు వార్నిష్ ఒక పూత వేసి ఆరబెట్టండి, అప్పుడు పొరకి బలం వస్తుంది. అలా వేశాక షీటంతా ఒకటే పొర అవుతుంది కాబట్టి ప్రతి బొమ్మని అంచు దాకా కోసుకోవాలి.

అన్నీ అయ్యాక ఒక రోజు ఆరనిచ్చి, తడి గుడ్డతో మెల్లగా తుడవండి. ఎండిన జిగురు, ద్రావకం మరకలు ఇప్పుడు పోకపోతే వార్నిష్ కింద శాశ్వతంగా ఉండిపోతాయి. ఆపైన పల్చగా ఇంకో మెరుపు పూత. మ్యాట్ వార్నిష్ మీద ఇంకా చెయ్యి వేయకండి, ఆరో పాఠంలో ప్యానెల్ గీతల్లోకి నల్ల వాష్ (బాగా పల్చన చేసిన రంగు) పోయబోతున్నాం, దానికీ నున్నటి ఉపరితలమే కావాలి.

ఈ వారం ఇంటిపని: మిగిలిపోయిన డెకాల్స్ ఏవైనా తీసుకుని, పాత ప్లాస్టిక్ చెంచా మీద సగం మ్యాట్ రంగు, సగం దాని మీద మెరుపు పూత వేసి, రెండు వైపులా ఒక్కోటి అంటించండి. ఆరాక కిటికీ దగ్గర పక్కకి వంచి చూసుకోండి. ఆ చెంచా పారేయకండి, వచ్చే వారం వాష్‌కి మళ్లీ దాన్నే వాడతాం.