వంటింటి ట్యాప్‌కు ట్యాంకు నీళ్లు కాకుండా నేరుగా నల్లా నీళ్లు: ఎలా చేయాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఇళ్లలో మిషన్ భగీరథ నీళ్లు (ప్రభుత్వం శుద్ధి చేసి పంపే నల్లా నీళ్లు) సంపులోకో పైన ట్యాంకులోకో పోతాయి. బోరు నీళ్లు పడేదీ ఆ ట్యాంకులోనే. ఇక వంటింట్లో ట్యాప్ తిప్పితే వచ్చేది ఆ రెండూ కలిసినవి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కృష్ణా నీళ్లను శుద్ధి చేసి గేటు దాకా తెచ్చి ఇస్తే, మనమే వాటిని మళ్లీ బోరు నీళ్లలో కలిపి తాగుతున్నాం.

ఇల్లంతా నేరుగా లైన్ మీదికి మార్చేస్తే పోదా అని కొందరు అడుగుతారు. 24 గంటలూ నీళ్లొచ్చే చోట అది బాగానే ఉంటుంది. టైము ప్రకారం నీళ్లు వదిలే మన వీధుల్లో ట్యాంకు తీసేస్తే మధ్యాహ్నానికే బాత్రూములో బకెట్ ఖాళీ. అందుకే బాత్రూములు, వాషింగ్ మెషిన్, మొక్కల పైపు ట్యాంకు మీదే ఉండనివ్వండి. వంటింటికి మాత్రం నల్లా నుంచి విడిగా ఒక కొత్త లైన్ వేయించండి.

ముందు ప్రెషర్ చూడండి

మేస్త్రీలు లెవల్ చూసే సన్నటి తెల్ల పైపు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. నీళ్లు వచ్చే టైములో దాని ఒక కొసను గేటు దగ్గరి నల్లాకు క్లిప్పుతో బిగించండి. రెండో కొసను గోడ వెంట పైకి పట్టుకుని, మిగతా ట్యాప్‌లన్నీ కట్టేసి, నల్లా తిప్పండి. నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కి ఆగాయో అదే మీ ప్రెషర్. 10 మీటర్లు ఎక్కితే దాదాపు ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క). డాబా మీది ట్యాంకు నుంచి కింది అంతస్తు ట్యాప్‌కు వచ్చేది 0.3, 0.4 బార్ మాత్రమే. కాబట్టి మీ పైపులో నీళ్లు నాలుగు మీటర్లు దాటాయంటే కొత్త లైన్‌లో ధార ఇప్పటికంటే గట్టిగానే వస్తుంది. వంటిల్లు పై అంతస్తులో ఉంటే కనీసం ఆరేడు మీటర్లు ఎక్కాలి.

నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో కొలిచి సంబరపడకండి. వీధంతా నల్లాలు తిప్పాక, మధ్యలో కొలవండి. 20 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో కూడా చూడండి. నాలుగు నిమిషాల్లో నిండినా వంటింటికి సరిపోతుంది.

ప్రెషర్ చాలలేదని నల్లా లైన్‌కు మోటారు బిగించే ఆలోచన వద్దు. మోటారు లాగినప్పుడు వీధి పైపులో ఎక్కడ చిన్న పగులున్నా పక్క మోరీలోని నీళ్లు లోపలికొస్తాయి. అవి మీ గ్లాసులోకీ వస్తాయి, పక్కింటివాళ్ల గ్లాసులోకీ పోతాయి. మున్సిపాలిటీ వాళ్లు మోటారు పట్టుకుపోవడం ఆ తర్వాతి సంగతి.

పైపు పని

వీధి నుంచి మీ కనెక్షన్ వరకు ఉన్న పైపును, అక్కడ ఫ్లో కంట్రోల్ వాల్వ్ (ఎన్ని నీళ్లు రావాలో అదుపు చేసేది) ఉంటే దాన్నీ ముట్టుకోవద్దు. మన పని గేటు లోపలే. నీళ్లు వచ్చి ఆగిపోయిన వెంటనే మొదలుపెడితే మళ్లీ నీళ్లు వదిలేలోపు అతుకులు ఆరడానికి టైము దొరుకుతుంది.

సంపుకో ట్యాంకుకో పోతున్న నల్లా పైపును కోసి, మధ్యలో టీ (T ఆకారపు ఫిట్టింగు) వేయాలి. ఆ టీ నుంచి వంటింటి వైపు వరుసగా బాల్ వాల్వ్, ఎన్‌ఆర్‌వి (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్), ఆ తర్వాత ముప్పావు ఇంచు సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు. ఎన్‌ఆర్‌వి మీద బాణం గుర్తు ఉంటుంది, అది వంటింటి వైపు చూడాలి. పైపును వంకర లేకుండా కోసి, అంచున లేచిన పీచును గీకేసి, పైపుకూ ఫిట్టింగుకూ అతికించే సొల్యూషన్ పూసి, లోపలికి నెట్టి పావు చుట్టు తిప్పి అర నిమిషం అలాగే పట్టుకోవాలి. మర ఉన్న చోట టెఫ్లాన్ టేప్‌ను మర తిరిగే వైపే చుట్టాలి. ఎదురు వైపు చుడితే బిగించేటప్పుడే ఊడొస్తుంది. సొల్యూషన్ ఆరడానికి డబ్బా మీద రాసినంత టైము ఇవ్వండి, వీలైతే ఒక రోజు వదిలేయండి.

ఇక సింక్ దగ్గర అసలు నిర్ణయం తీసుకోవాలి. ఒకే ట్యాప్‌కు నల్లా లైన్, ట్యాంకు లైన్ రెండూ కలిపి, వాల్వ్‌తో మార్చుకుందామని ప్లంబర్ అంటాడు. ఫిట్టింగులు తక్కువ, పని త్వరగా అయిపోతుంది. నేనైతే ఒప్పుకోను. ఎన్‌ఆర్‌వి లోపలి రేకు కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా మూసుకోదు. నల్లా ఆగిపోయిన టైములో ట్యాంకులోని బోరు నీళ్లు మెల్లగా లైన్‌లోకి దిగి వీధిలోకి పోతాయి. సింక్ మీద రెండు ట్యాప్‌లు పెట్టండి. తాగడానికి, వండటానికి నల్లాది, గిన్నెలు కడగడానికి ట్యాంకుది. రెండింటికీ రెండు రంగుల హ్యాండిళ్లు కొంటే చుట్టాలొచ్చినా తికమక ఉండదు.

నీళ్లు రాని వేళకు స్టీలు బిందెలు చాలవనుకుంటే, వంటింటి సజ్జ మీద నల్లా నీళ్లకే ఒక చిన్న ట్యాంకు పెట్టి, నిండగానే నీళ్లు ఆపేసే ఫ్లోట్ వాల్వ్ బిగించుకోవచ్చు. 100 లీటర్లంటే 100 కిలోల బరువు, సజ్జ తట్టుకుంటుందో లేదో ముందు మేస్త్రీకి చూపించండి.

పనిలో పని అని బాత్రూముకూ లైన్ లాగిద్దామంటే మాత్రం జాగ్రత్త. గీజర్‌కు ట్యాంకు నీళ్లు, మిక్సర్‌లో చల్లనీళ్లకు లైన్ నీళ్లు ఇస్తే, ప్రెషర్ ఎక్కువున్న చల్లనీళ్లు మిక్సర్ గుండా వేడి లైన్‌లోకి ఎదురెక్కుతాయి. డాబా మీద ట్యాంకు ఎందుకు పొర్లుతోందో అర్థం కాక బుర్ర బద్దలుకొట్టుకుంటారు. ట్యూబులున్న మామూలు సోలార్ హీటర్‌ను నేరుగా లైన్‌కు అసలే కలపకూడదు. అది ట్యాంకు నుంచి దిగే నీళ్ల కోసం చేసింది, ప్రెషర్ తట్టుకోదు.

గోడ బయట పోయే పైపుకు తెల్ల పెయింట్ వేయండి, లేదా ఫోమ్ తొడుగు వేయండి. ఏళ్ల తరబడి నేరుగా ఎండ తగిలితే సీపీవీసీ పెళుసుబారుతుంది.

మొదటిసారి నీళ్లొచ్చినప్పుడు

ముందు గాలి బుస్సుమని తోసుకొస్తుంది, తర్వాత సొల్యూషన్ వాసన, కాస్త మట్టి. ట్యాప్ జాలీ విప్పేసి, నీళ్లు తేటపడి వాసన పోయేదాకా వదలండి, ఆ నీళ్లు మొక్కలకు పోయండి. ప్రతి అతుకు కిందా పాత న్యూస్‌పేపర్ ముక్క పరిస్తే చుక్క పడినా మరక కనిపిస్తుంది. తర్వాత సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ట్యాంకు నీళ్లు కూడా వేరే సీసాలో పట్టుకెళ్తే తేడా కాగితం మీదే తెలుస్తుంది.

గోడలో గాడి కొట్టి పైపు వేయిస్తే, ప్లాస్టరింగ్‌కు ముందు పైపు పక్కనే కొలత టేపు పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. రేపు ఆ గోడకు మేకు కొట్టాల్సి వస్తే పైపు ఎక్కడుందో ఫొటోలో చూసుకోవచ్చు.