చెవికి అందే పీడీఎఫ్ - పాఠం 3: "స్త్రీ" ఎక్కడ విరిగింది?

కిందటి పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. లాటెక్‌లో (కమాండ్లు రాసి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) మీరు చేసిన తెలుగు పీడీఎఫ్ తెరిచి, ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించమన్నాను. "స్త్రీ" కాస్తా "సీ్త్ర" లాంటిదేదో అయి కూర్చుందా? నాకూ అయింది.

అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివే మిత్రుడొకడున్నాడు, చూపు లేదు. వాడికి 1908 మూసీ వరదల మీద నోట్స్ టైప్‌సెట్ చేసి పంపాను. పేజీ ముస్తాబు చూసుకుని నేనే మురిసిపోయాను. వాడు ఎన్‌వీడీఏతో, అంటే తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో, రెండు నిమిషాలు విని, "అన్నా, తెలుగులోనే పంపినవా?" అన్నాడు.

సంగతేంటంటే, మనం టైప్ చేసే వరుస స, త, ర, ఆఖర్న గుడిదీర్ఘం. పేజీ మీదేమో గుడిదీర్ఘం ముందే స నెత్తికెక్కుతుంది, ఒత్తులు ఆ తర్వాత వస్తాయి. పీడీఎఫ్ దాచుకునేది ఈ అక్షరాల బొమ్మల వరుసనే. రీడర్ పాపం అదే చదువుతుంది.

మందు ఇది: లాటెక్‌లోనే ఒక రకమైన లువాలాటెక్‌తో కంపైల్ చేయండి (అంటే ఫైల్‌ను పీడీఎఫ్‌గా మార్చండి). ఫాంట్‌ను పిలిచే చోట స్క్రిప్ట్ తెలుగు అనీ, రెండరర్ (అక్షరాలను కూర్చే భాగం) హార్ఫ్‌బజ్ అనీ ఇవ్వండి. అప్పుడు తారుమారైన బొమ్మల వెనక అసలు మాట కూడా "యాక్చువల్ టెక్స్ట్"గా వెళ్తుంది.

ఇక ఫైల్లో డాక్యుమెంట్‌క్లాస్ కన్నా ముందు డాక్యుమెంట్‌మెటాడేటా కమాండ్ పెట్టి భాష టీఈ (తెలుగు), ట్యాగింగ్ (ఏది శీర్షిక, ఏది పేరా అని గుర్తులు పెట్టడం) ఆన్, ప్రమాణం యూఏ-2 (అందరికీ అందే పీడీఎఫ్‌ల ప్రమాణం) అని రాయండి. మీ టెక్స్‌లైవ్ (లాటెక్ మూట) పాతదైతే ఎర్రర్ కొడుతుంది, టెన్షన్ పడకుండా అప్‌డేట్ చేసుకోండి. శీర్షికలకు సెక్షన్ కమాండే వాడండి. అక్షరాన్ని లావు చేసినంత మాత్రాన రీడర్‌కి అది శీర్షికని తెలీదు.

బొమ్మల దగ్గర మాత్రం బద్ధకం పనికిరాదు. నా నోట్స్‌లో ఒక మ్యాప్ ఉంది. బొమ్మను పెట్టే ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్ కమాండ్‌లో, బొమ్మను మాటల్లో చెప్పే ఆల్ట్ అనే చోట "మూసీ మ్యాప్" అని రాసి చేతులు దులుపుకున్నాను. "హిమాయత్ సాగర్ ఏ నది మీదుంది?" అని వాడు అడిగాక తిరగరాశాను: "ఎగువన మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్. రెండు నదులూ కలిసి, పాతబస్తీ పక్కగా తూర్పుకు పారుతున్నాయి." పరీక్షలో అడిగేది అదే కదా!

ఈ వారం పని: ఫైల్‌ను రెండుసార్లు కంపైల్ చేసి, పీడీఎఫ్ ప్రమాణానికి సరిపోతుందో లేదో చూసే వెరాపీడీఎఫ్‌లో వేయండి. "మూసీ మ్యాప్" అన్నా అది పాస్ చేసేస్తుంది కాబట్టి, కళ్లు మూసుకుని ఒక పేజీ మీరే వినండి. పట్టికల గొడవ వచ్చే పాఠంలో.