దాణాలో బూజు విషం: పాలు తిరిగొస్తే ముందు చెనక్కాయ చెక్క ఆపండి

పాలకేంద్రంలో మీ క్యాన్ పక్కన పెట్టేశారు. ఫ్యాట్ బాగుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) బాగుంది, నీళ్ళు కలపలేదు. అయినా స్ట్రిప్ పెట్టి చూసి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం ఉందన్నారు. లేదంటే ఆవు దాణా సగం వదిలేస్తోంది, జ్వరం లేదు, పొదుగు బాగుంది, పాలు మాత్రం తగ్గాయి. కోళ్ళయితే గుడ్లు తగ్గుతాయి, చచ్చినదాన్ని కోసి చూస్తే కాలేయం పసుపుగా మారి ఉంటుంది.

వీటిలో ఏది కనిపించినా మనవాళ్ళు లివర్ టానిక్ సీసాతో మొదలుపెడతారు. తర్వాత మినరల్ మిక్స్చర్ మారుస్తారు. ఆఖర్న ఇంజక్షన్లు. ఈ పదిహేను రోజుల్లో దాణాలో కొత్తగా ఏ సరుకు దిగిందో చూసేవాళ్ళు మాత్రం అరుదు. పైసా ఖర్చు లేని పరీక్ష అదే. అనుమానమున్న సరుకును పూర్తిగా ఆపండి. బూజు పట్టిన దాణాలో ఉండేది అఫ్లాటాక్సిన్ బీ1. ఆవు తిన్న ఆ బీ1 విషం 12 నుంచి 24 గంటల్లోపే ఎం1గా మారి పాలలోకి వస్తుంది. తిండి ఆగితే మూడు నాలుగు రోజుల్లో దాదాపు పోతుంది. నాలుగో రోజు పాలు మళ్ళీ పరీక్ష చేయిస్తే దొంగ దొరికిపోతాడు. కొంచెం తగ్గించి చూద్దాం అనుకుంటే ఏదీ తేలదు.

కంటికి కనిపించే బూజు గురించి పెద్దగా చెప్పను. అడుగు వరస మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టండి. వేడిగా తగిలినా, ఉండలు కట్టినా, ముక్కిన వాసన వచ్చినా అది దాణా కాదు. మూటలు గోడకు ఆనించకూడదు, నేల మీద పెట్టకూడదు, రేకుల కింద చెమ్మ కారే చోట అసలే వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తిరుపతి, చిత్తూరు వైపు వానలు ఎలా పడతాయో తెలిసిందే. ఆ మూడు నెలలూ ఎక్కువ సరుకు నిల్వ పెట్టకండి.

మొక్కజొన్న తడి తెలియాలంటే మీటరు కొననక్కర్లేదు. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, పొడి ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి నిమిషం పాటు కుదపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు. అలాంటిది నిల్వకు పనికిరాదు, ఎండకు వెయ్యాల్సిందే.

అసలు మోసం చెనక్కాయ చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో ఉంది. చూడ్డానికి శుభ్రంగా, పొడిగా, కమ్మటి వాసనతో ఉంటుంది. బూజు చుక్క కనబడదు. అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు, పాపం తవుడు మీద పడుతుంది.

ఆ చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూడండి. కాయ ఊరేటప్పుడు వాన మొహం చాటేస్తే చేలోనే ఈ విషం చేసే ఆస్పర్‌జిల్లస్ బూజు పడుతుంది. పీకి కుప్ప వేశాక తుఫాను వస్తే ఇంకా పెరుగుతుంది. వలిచే మిషన్‌కు పోసేముందు పప్పు విరగకుండా, తూకం కూడా కలిసొస్తుందని కాయల మీద నీళ్ళు చల్లేవాళ్ళున్నారు. ఆ తడితో మూటలు రోజుల తరబడి ఉంటాయి. తర్వాత మంచి పప్పు ఏరి అమ్ముకుంటారు. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, పుచ్చినవి నూనె మిల్లుకు పోతాయి. మిల్లు వేడికి బూజు చస్తుంది, విషం చావదు. నూనెలోకి పోయేది తక్కువ, ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చి ఈ విషం మొదట బయటపడింది కూడా చెనక్కాయ చెక్కతోనే.

లెక్క వేసి చూడండి. కిలో చెక్కలో 300 మైక్రోగ్రాముల బీ1 ఉందనుకుందాం. ఆవు రోజుకు రెండు కిలోలు తింటే 600. అందులో 2 శాతం పాలలోకి వచ్చినా 12. పది లీటర్ల పాలకు పంచితే లీటరుకు 1.2 మైక్రోగ్రాములు. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములే. పశువుల దాణాలో బీ1 పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు. పాలు కాచినా, పాశ్చరైజ్ చేసినా ఎం1 పోదు. డెయిరీ వాళ్ళు అంత పట్టు పట్టేది అందుకే.

ల్యాబ్‌కు పంపితే బాగానే ఉందని వచ్చింది కదా అంటారు. పై మూటలోంచి పిడికెడు తీసి పంపితే అలాగే వస్తుంది. వెయ్యి పప్పుల్లో ఏ ఒకటో రెండో నిండా విషంతో ఉంటాయి, మిగతావి శుభ్రం. అందుకని ప్రతి మూటలో పైన, మధ్యన, అడుగున కొంచెం కొంచెం తీసి, నాలుగైదు కిలోలు చేసి, మొత్తం పొడి కొట్టి కలిపి, అందులోంచి అరకిలో పంపండి. పొడి కొట్టకుండా ముక్కలు పంపిన రిపోర్టును నేనైతే నమ్మను.

చెక్క కొనేటప్పుడు మిల్లువాడిని ‘ఏ పప్పు ఆడావు?’ అని అడగండి. బజారు కన్నా బాగా తక్కువకిస్తుంటే జవాబు అందులోనే ఉంది. తేలేదాకా ఆ మాంసకృత్తుల కోసం సోయా చెక్క వాడుకోవచ్చు, దీనికి బూజు విషం బెడద తక్కువ. పత్తి చెక్క, కొబ్బరి చెక్కలకు మారితే గండం గడిచినట్టు కాదు.

టాక్సిన్ బైండర్ సంగతి. బెంటొనైట్ లాంటి మట్టి బైండర్లు అఫ్లాటాక్సిన్‌ను కొంతవరకు పట్టుకుంటాయి, పాలలో ఎం1 తగ్గుతుంది. చెడ్డ చెక్క మాత్రం మంచిదైపోదు. బైండర్ వేస్తూ అదే చెక్క పెడుతున్నామంటే డబ్బు రెండు వైపులా పోతోందన్నమాట. ఎండబెడితే, కడిగితే, బెల్లం నీళ్ళు కలిపితే పోతుందనేవి వినకండి.

పడ్డల మానం వాచిందంటే మొక్కజొన్నలో జియరలినోన్ అనే మరో బూజు విషం అయ్యుండొచ్చు, బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోకా చెవులూ కుళ్ళడం ఉంది. మన దగ్గర అవి అరుదు, కనిపిస్తే నేరుగా పశువైద్యుణ్ణి పిలవండి.

చెక్కలో విషముందని తేలాక దాన్ని వట్టిపోయిన ఆవుకో, గొర్రెలకో పెట్టకండి, పక్క ఊరికి అమ్మకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎరువు గుంతలో వేసి మట్టి కప్పండి. ఆ ఎరువు మామిడి చెట్లకు వేసుకోండి, చెనక్కాయ చేలోకి మాత్రం తోలకండి.