క్లయింట్ కాపీ, కథ, డైరీ: మూడూ ఒకదాన్నొకటి మింగకుండా రాయడం ఎలా?

యాడ్ కాపీ, అంటే ప్రకటనల్లో వచ్చే మాటలు, రాసి బతికేవాళ్లకి సొంత రాతకి టైమ్ దొరకదని అందరూ అంటారు. టైమ్ సమస్య ఉంది, కాదనను. కానీ అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. పొద్దంతా అమ్మకం కోసం రాసిన చెయ్యి, రాత్రి కథ ముందు కూర్చున్నా అమ్మకపు వాక్యాలే రాస్తుంది. రెండేళ్ల క్రితం నేనొక కథ రాశాను. తండ్రి పోయాక ఇంటికొచ్చిన కూతురు ఆయన కళ్లజోడు తుడుస్తూ కూర్చుంటుంది. కథ అక్కడ ఆగిపోవాలి. నేను ఆపకుండా "కొన్ని చూపులు ఎప్పటికీ మసకబారవు" అని ఒక వాక్యం తగిలించాను. చదివిన స్నేహితురాలు, చివరి వాక్యం కళ్లజోళ్ల కంపెనీకి రాసినట్టుంది అంది. చాలా బాధేసింది, కానీ ఆ మాట నిజం. అప్పట్నుంచి ఈ మూడు రకాల రాతల్నీ వేరుగా ఉంచడానికి నేను చేస్తున్నవే ఇక్కడ చెప్తున్నాను.

ముందు తేడా స్పష్టంగా కనబడాలి. నిద్ర అనే ఒక్క విషయాన్నే తీసుకుని మూడు రకాలుగా రాసి చూద్దాం.

పరుపుల కంపెనీకి రాస్తే ఇలా ఉంటుంది: "నడుంనొప్పితో నిద్రలేచే రోజులు ఇక చాలు. 30 రాత్రులు పడుకుని చూడండి. నచ్చకపోతే మేమే వచ్చి తీసుకెళ్తాం."

కథలో అయితే: "పరుపు మీద ఆయన పడుకునే వైపు గుంట అలాగే ఉంది. ఆమె ఇప్పటికీ గోడ వైపుకి జరిగే పడుకుంటుంది."

డైరీలో: "నిన్న కూడా మూడింటికే మెలకువ. అమ్మ స్కాన్ రిపోర్ట్ గురించే. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందేమోనని భయం."

కాపీ చదివేవాడికి ఏ సందేహమూ మిగలకూడదు, చివర్లో ఏం చెయ్యాలో తెలిసిపోవాలి. కథ ఒక ప్రశ్నని పాఠకుడి చేతిలో పెట్టి వదిలెయ్యాలి. డైరీకి అసలు పాఠకుడే ఉండకూడదు. డైరీలో మంచి పోలిక ఒకటి తట్టి దాన్ని సానబెడుతున్నారంటే, మీ మనసులో ఎవరో చదువుతున్నట్టే లెక్క. ఏది రాయడానికి కూర్చున్నా పేజీ పైన "ఇది ఎవరికి?" అని ఒక ముక్క రాసుకోండి. క్లయింట్ కస్టమర్‌కా, ముక్కూ మొహం తెలియని పాఠకుడికా, నాకా? చిన్న పనే గానీ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఇక రోజులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది. నా సలహా, కథ ముందు. మెసేజ్‌లు, మెయిల్ తెరవకముందే అరగంట, కుదిరితే నలభై నిమిషాలు. 19వ శతాబ్దంలో ఆంథొనీ ట్రాలోప్ అనే ఇంగ్లీష్ నవలాకారుడు పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే తెల్లారి 5:30కల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, 15 నిమిషాలకి 250 పదాల చొప్పున నవలలు రాసేవారు. ఆ లెక్క మనకి అక్కర్లేదు, ఇంకాస్త టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఉద్యోగానికి ముందే సొంత రాత అనే ఆ వరస మాత్రం తీసుకోండి. కాపీకి డెడ్‌లైన్ ఉంది, వెంటపడే మనిషి ఉన్నాడు, కాబట్టి అది మధ్యాహ్నమైనా ఎలాగోలా అయిపోతుంది. కథ వెంట పడేవాళ్లు ఎవరూ ఉండరు. పసిపిల్లలున్నవాళ్లకి, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి పొద్దున కుదరదు, అలాంటప్పుడు నిద్రలేచాక దొరికే మొదటి ఖాళీనే పొద్దున అనుకోండి.

ఒక పని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు చాలామంది ఇబ్బంది పడతారు. ఒక పని సగంలో వదిలి ఇంకోటి మొదలుపెడితే మన ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. దీనికి నేను చేసేది ఒకటే. కాపీ ఫైల్ మూసే ముందు "తర్వాత చెయ్యాల్సింది: మూడో హెడ్‌లైన్ కుదించాలి, గ్యారంటీ వాక్యం పైకి తేవాలి" అని రాసిపెడతాను. ఇక తల దాన్ని మొయ్యక్కర్లేదు. కథకైతే ఇంకో ఫాంట్, ఇంకో కుర్చీ. డైరీ మాత్రం పెన్నుతోనే, పుస్తకంలోనే. స్క్రీన్ మీద రాస్తే కాపీ చేసి ఎక్కడో పోస్ట్ చెయ్యడం మరీ సులువు.

ఈ డైరీ రాత గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనలాంటివాళ్లు దీన్నే ఎక్కువ పాడుచేసుకుంటారు. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్ కలిసి 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు రాయించారు. తమని బాగా కలవరపెట్టిన అనుభవం గురించి, జరిగిందీ తమకు అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి 6 నెలల్లో హెల్త్ సెంటర్‌కి తక్కువసార్లు వెళ్లారు. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఈ సంగతి ముందే తెలియకపోతే మొదటి రోజే భయపడి మానేస్తారు. ఆ తర్వాత చాలా ప్రయోగాలు జరిగాయి. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో మేలు ఉందని తేలింది, అయితే అది చిన్న మేలే. కాబట్టి దీన్ని మందులా కాకుండా ఒక మంచి అలవాటులా చూడండి. కుంగుబాటు ఉన్నవాళ్లు డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవడానికి బదులు పుస్తకం పట్టుకుని కూర్చోకూడదు.

చేసే పద్ధతి తేలికే. 15 నిమిషాలకి అలారం పెట్టుకోండి, పెన్ను ఎత్తకుండా రాయండి, తప్పులు దిద్దకండి, మాటలు అయిపోతే చివరి వాక్యాన్నే మళ్లీ రాయండి. తలుచుకుంటేనే ఒళ్లు వణికే విషయమైతే అక్కడే ఆపేసి ఇంకేదైనా తేలికైన దాని గురించి రాయండి. దెబ్బ ఇంకా పచ్చిగా ఉంటే కొన్ని వారాలు ఆగండి. నిద్రకి ముందు వద్దు, క్లయింట్ కాల్‌కి ముందు అసలు వద్దు. రాశాక ఒక అరగంట నడవడానికో స్నానానికో ఉంచుకోండి. పేజీలు చించెయ్యాలనిపిస్తే చించెయ్యండి, నేను చాలాసార్లు చించేశాను.

డైరీ పేజీల్ని అమ్మకండి, అంటే వెంటనే అమ్మకండి. కాపీరైటర్ బుర్రకి ఏ బాధ చూసినా అందులో ఒక పోస్ట్ కనిపిస్తుంది. ఒకసారి నాకొక క్లయింట్ "మీ సొంత అనుభవం రాస్తే బాగా రీచ్ వస్తుంది" అన్నారు. అప్పటికి మూడు వారాల కిందటి డైరీ పేజీలోంచి ఒక పేరా తీసి ఇచ్చేశాను. ఆ పేరా కింద ఉత్పత్తి పేరు చూసిన రోజు నుంచి కొన్ని నెలలపాటు డైరీ రాయలేకపోయాను, పుస్తకం తెరిస్తే చాలు ఎవరో భుజం మీదుగా చూస్తున్నట్టే ఉండేది. ఇప్పుడు నా నియమం: డైరీలోది కథలోకి రావాలంటే కనీసం ఏడాది, యాడ్‌లోకి ఎప్పటికీ రాదు.

డబ్బు వైపు రెండు మాటలు. ఇలాంటి నియమాలు నిలబడాలంటే కాపీ పనికి గట్టు వెయ్యాలి. ఇచ్చిన కాపీని ఎన్నిసార్లు మార్చి ఇస్తారో, అంటే ఎన్ని రివిజన్లో, ముందే రాసుకోండి. రెండు చాలు, మూడోదానికి విడిగా ఇన్వాయిస్. ఒప్పందంలో "ఈ కాలంలో రాసినదంతా కంపెనీకే చెందుతుంది" లాంటి వాక్యం ఉంటే సంతకం పెట్టకముందే అడగండి, "ఈ ప్రాజెక్ట్ కోసం అందించిన కాపీ మాత్రమే" అని మార్పించుకోండి. లేకపోతే మీ కథ మీద హక్కు ఎవరిదనే గొడవ రావచ్చు.

కాపీని తక్కువగా చూడొద్దని కూడా చెప్పాలి. అనవసరమైన మాట తీసెయ్యడం, మొదటి వాక్యంలోనే మనిషిని కూర్చోబెట్టడం నాకు కాపీయే నేర్పింది. సల్మాన్ రష్దీ కూడా 1970లలో లండన్‌లో యాడ్ ఏజెన్సీల్లో పనిచేస్తూనే నవలలు రాశారు. కాపీ అలవాట్లలో ఏది కథలోకి రావచ్చో మీరే తేల్చుకోవాలి. నేనైతే కథ దిద్దేటప్పుడు చివరి రెండు వాక్యాలనీ వేలితో మూసి చదువుతాను. అవి లేకుండానే కథ నిలబడితే కొట్టేస్తాను. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు కొట్టెయ్యాల్సే వస్తోంది.

క్లయింట్ కొత్త ఉత్పత్తి లాంచ్ ఉన్న వారాల్లో ఇదంతా కుదరదు. అప్పుడు కథకి రోజుకి పది నిమిషాలు ఇవ్వండి, కొత్తగా ఏమీ రాయకపోయినా పర్లేదు, నిన్నటి పేజీ ఒకసారి చదివి, రేపు రాయబోయే వాక్యంలో సగం మాత్రం రాసి వదిలెయ్యండి. "ఆమె తలుపు తీసేసరికి" అని ఆపేస్తే చాలు. లాంచ్ అయిపోయిన మర్నాడు పొద్దున కూర్చున్నప్పుడు, ఖాళీ పేజీకి బదులు ఆ తలుపు మీ ఎదురుగా ఉంటుంది.