గిటార్ ఫ్రెట్లకు ఆకురాయి పెట్టే ముందు

తీగల రాపిడికి ఫ్రెట్ల మీద (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) గాడి పడితే, ముందు ఫ్రెట్ ఎత్తు కొలవండి. మీడియం జంబో సైజు కొత్త ఫ్రెట్ సుమారు 1.2 మి.మీ. ఉంటుంది. గాడి ఎంత లోతుందో, మిగతా ఫ్రెట్లన్నీ అంత మేర అరగదీయాలి. అలా అరిగాక 0.8 కంటే తక్కువ మిగిలేలా ఉంటే ఆకురాయి పక్కన పెట్టేయండి, మార్పించడమే మేలు. అరిగింది మొదటి రెండు మూడు ఫ్రెట్లే అయితే (ఓపెన్ కార్డ్స్, అంటే కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసే కార్డ్స్ వాయించేవాళ్లకి మామూలే) అవి మాత్రమే మార్పించుకోవచ్చు.

• తీగలు తీసేసి, ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల ఉండే సర్దుబాటు కడ్డీ) నెక్‌ను తిన్నగా చేయండి. ఒక్కో విడతకు పావు తిప్పు చాలు. బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు.

• వదులైన ఫ్రెట్ ఉందేమో వేలితో నొక్కి చూడండి. నేను ఇది చూడకుండానే అరగదీశాను. తర్వాత ఆ ఫ్రెట్ పైకి లేచి, తీగ జుయ్యిమనడం మొదలైంది. చేసిన పనంతా దండగ! వదులుగా ఉంటే ముందు జిగురుతో కూర్చోబెట్టాలి.

• ఫింగర్‌బోర్డు చెక్కకు మాస్కింగ్ టేప్ వేయండి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే పికప్‌లు (తీగల కదలికను పట్టే అయస్కాంత భాగాలు) కూడా కప్పాలి. చివర్లో మెరుగుపెట్టే స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) పొడి అయస్కాంతానికి పట్టుకుంటే వదలదు.

• ఫ్రెట్ల మీద మార్కర్ పూయండి. సిరా అన్నిటి మీదా చెరిగిందంటే ఎత్తు సమానమైనట్టే, ఇక ఆపేయండి.

• పైభాగం చదునైపోతే శ్రుతి తేడా వస్తుంది. గుండ్రం తీసే క్రౌనింగ్ ఆకురాయి దగ్గర లేకపోతే పని మొదలుపెట్టొద్దు.

• మాస్క్, కళ్లద్దాలు.

వార్నిష్ ఉన్న మేపుల్ బోర్డు మీద ఫ్రెట్లు పీకే ప్రయోగం మాత్రం ఇంట్లో వద్దు, పూత పెచ్చులూడుతుంది.