సంఘ పెద్దగా ఎన్నికయ్యారా? మొదట ఇవి చేయండి

ఆదివారం ఆరాధన అయ్యాక మీ పేరు చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. సోమవారం నుంచి ఫోన్లు మొదలవుతాయి. మైకు పాడైందని ఒకరు, మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టించండని ఇంకొకరు. కంగారుపడకండి. ముందు ఒక నోట్‌బుక్ కొనండి.

1. ఇంటింటికీ తిరిగి చూడండి

పట్టణం గోడ మళ్లీ కట్టించాలని నెహెమ్యా యెరూషలేముకు వచ్చి మూడు రోజులున్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట కొద్దిమందితో కూలిన గోడ చుట్టూ తిరిగాడు. ఆ తర్వాతే కడదాం రండన్నాడు (నెహెమ్యా 2). మీరూ మొదటి నెల కొత్త ప్లాన్లేవీ ప్రకటించకుండా ఇంటింటికీ వెళ్లండి. నోట్‌బుక్‌లో ఇంటికో పేజీ పెట్టి ఎవరెవరున్నారు, మంచాన పడ్డవాళ్లెవరు, ఆదివారం రావడం మానేసిందెవరు అన్నది రాసుకోండి. ఎందుకు మానేశారని మాత్రం అడగొద్దు. టీ ఇస్తే తాగి వచ్చేయండి. రెండోసారి వెళ్తే వాళ్లే చెబుతారు.

2. లిస్టులో లేనివాళ్లను వెతకండి

నేను కమిటీలో చేరిన ఏడాది క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు పంచాం. గుర్తున్న పేర్లతో లిస్టు నేనే రాశాను. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చునే ముసలమ్మ పేరు అందులో లేదు. ఆమె ఏమీ అనలేదు. పక్కావిడ చీర అంచు వేళ్లతో పట్టుకుని చూసి, "బాగుందమ్మా" అని వెళ్లిపోయింది.

అపొస్తలుల కార్యములు 6లో సణుగుడు ఇలాంటిదే. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను పట్టించుకోవడం లేదని. అపొస్తలులు సణిగినవాళ్లను మందలించలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను నుంచి నీకొలాసు దాకా ఏడూ గ్రీకు పేర్లే! అన్యాయం జరిగిందన్నవాళ్ల వైపు మనుషులకే గరిటె అప్పజెప్పారని నాకనిపిస్తుంది. మీరూ లిస్టు వేసేటప్పుడు ఒక విధవరాలిని, సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

3. పని పంచండి

మోషే పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే, ఈ పద్ధతి మంచిది కాదన్నాడు మామ యిత్రో (నిర్గమకాండము 18). మామ చెబితే విన్న అల్లుడు, అది కూడా విశేషమే. వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధికారుల్ని పెట్టుకున్నాడు. మనకు పదిళ్లకొకరు చాలు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి రావడం, ఉపవాస ప్రార్థనకు పిలవడం వాళ్ల పని. అప్పగించాక "నన్నడిగి చేయండి" అనకండి. నెహెమ్యాతో యెరూషలేము గోడ కట్టినవాళ్లలో షల్లూము అనే అధికారి కూతుళ్లూ ఉన్నారు (నెహెమ్యా 3:12). కాబట్టి పెద్దల మీటింగులో ఆడవాళ్ల పని టీ అందించడంతో అయిపోకూడదు.

4. కానుకలు ఒక్కరే ముట్టుకోవద్దు

ఇక్కడ మొహమాటం వద్దు. యెరూషలేముకు పంపే చందా విషయంలో తనమీద తప్పు మోపే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదని పౌలు తీతుకు తోడుగా సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి కూడా పంపాడు (2 కొరింథీయులకు 8). ఆరాధన అవగానే కానుక సంచి అందరి ముందే చాపమీద బోర్లించండి. వేర్వేరు కుటుంబాలవాళ్లు ఇద్దరు లెక్కపెట్టి, మొత్తం పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. ఫోన్‌పే కానుకలు సంఘం ఖాతాకే రావాలి, మీ సొంత నంబరుకు కాదు. నెలనెలా జమాఖర్చు గోడకు అంటించండి. "మనలో మనకు ఇవన్నీ ఎందుకు బ్రదర్" అని ఎవరో ఒకరు అంటారు. నవ్వి, పెన్ను ఆయన చేతికివ్వండి.

5. చివరి పంక్తిలో తినండి

యేసు శిష్యుల కాళ్లు కడిగింది భోజనం దగ్గరే (యోహాను 13). ప్రేమవిందు రోజు మీరు వడ్డించి, ఆఖరున కూర్చోండి. కూర అయిపోయి మీ విస్తరిలోకి పచ్చడి, చారే వచ్చాయంటే, వచ్చేసారి ఎన్ని కిలోలు ఎక్కువ తెప్పించాలో నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు.